ఏడో మంచానికి ఎక్కువ బీపీ

ఆమె సంచిని నేనలా అందరి ముందూ బోర్లించి ఉండాల్సింది కాదు.

ఐసీయూ బయట వరండాలో పదిమంది దాకా ఉన్నారు. అందరూ లోపలున్న పేషెంట్ల తాలూకు మనుషులే. ఒక తువ్వాలు, దువ్వెన, రెండు జతల మేజోళ్ళు, బిస్కెట్ పాకెట్, ఇంటి తాళాలు అన్నీ బెంచీ మీద పడ్డాయి. తాళాలు జారి నేల మీద పడేసరికి అందరి తలలూ ఇటు తిరిగాయి. ఈత మాస్టారి భార్య వంగి వాటిని తీసుకోలేదు. అరవై దాటిన మనిషి, పరీక్షలో చీటీ పెట్టి దొరికిపోయిన పిల్లలాగా గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

“బిళ్ళలేవమ్మా?” అన్నాను.

“ఏ బిళ్ళలు?”

“ఇన్నేళ్ళుగా మీ ఆయనకి పొద్దున్నే మీ చేత్తో ఇచ్చే బీపీ బిళ్ళలు. గులాబీ రంగువి.”

“అవి ఇంట్లో డబ్బాలో ఉన్నాయి. ఆపెయ్యమన్నారు డాక్టరు గారు. ఆపేశాను.”

“ఆపేశామని అందరూ అంటారు. లోపల మిషన్ మీద నంబరు ఎక్కువ కనబడింది. మనసు ఊరుకోలేదు. ఒక్క బిళ్ళే కదా, ఏమవుతుందిలే అని నోట్లో వేశారు. అవునా, కాదా?”

“కాదమ్మా.”

“మొన్న ఒకటి, నిన్న ఒకటి.”

వెనక బెంచీ మీద ఎవరో ఆడమనిషి పక్కామెతో “మొగుడికి మందు పెట్టిందట” అంది. అది మాస్టారి భార్యకీ వినబడింది, నాకూ వినబడింది. తప్పు, అలా అనకండి అని నేను వెనక్కి తిరిగి చెప్పొచ్చు. చెప్పలేదు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టాక నా ఒంటిమీద యూనిఫాం పోయింది గానీ, నోరు మాత్రం అలాగే ఉండిపోయింది. భయపడితే మనిషి నిజం కక్కేస్తాడని నా నమ్మకం.

అసలు సంగతి ఇదీ. మాస్టారికి గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. సోమవారం ఆ ముక్క తీసేసి గుడ్డతో చేసిన గొట్టం కుట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది. బుధవారం మధ్యాహ్నం ఉన్నట్టుండి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. గంటలోపే డాక్టర్లు మళ్ళీ కదిలించారు. గురువారం మధ్యాహ్నం మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ తిప్పుకొచ్చారు గానీ ఎడమకాలు పూర్తిగా రాలేదు. ఇంకోసారి జరిగితే రావు అని పెద్ద డాక్టరు నాతో ఈ పొద్దున్నే చెప్పాడు. ఆయనే నన్ను పిలిపించాడు.

“వెన్నుపాముకి రక్తం తెచ్చే చిన్నచిన్న కొమ్మలు కొన్ని ఆ ఆపరేషన్లో మూసుకుపోతాయండి,” అన్నాడు తన గదిలో కూర్చోబెట్టి. “కొత్త దారులు తెరుచుకునేదాకా వెన్నుపాము అరకొర రక్తంతో బతకాలి. అందుకే బీపీని కావాలనే ఎక్కువ ఉంచుతాం. వెన్ను చుట్టూ ఉండే నీరు ఒత్తకుండా నడుములో సన్న గొట్టం పెట్టి కొంచెం కొంచెంగా బయటికి వదుల్తాం. ఈ రెండిట్లో ఏది తప్పినా కాళ్ళు పోతాయి.”

ఆయన చూపించిన చార్టులో నాకొక సంగతి కనబడింది. రెండుసార్లూ బీపీ పడిపోయింది, దాంతోపాటు నాడి కూడా నెమ్మదించింది.

“ఒంట్లో రక్తం పోతేనో, నీరు తగ్గితేనో బీపీ పడితే గుండె పరిగెత్తాలి కదా డాక్టరుగారూ. ఇదేంటి, తాపీగా నడుస్తోంది?”

ఆయన కాగితం లాక్కుని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “గుండెని నెమ్మదింపజేసే బీపీ మందు పడితేనే ఇలా ఉంటుంది. మేం ఇవ్వలేదు. ఇంట్లో మాత్రం వాడేవారు.” కాగితం బల్ల మీద పెట్టి, “మేం చూసుకోవాల్సింది,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకో ఆపరేషన్‌కి వెళ్ళిపోయాడు. నేను తిన్నగా భార్య మీద పడ్డాను. దెబ్బ తిన్నవాణ్ణి అడిగేదేముంది, కొట్టినవాళ్ళని పట్టుకోవాలి గానీ అనుకున్నాను.

“సరే,” అన్నాను ఆమెతో. “ఈ నాలుగు రోజుల్లో లోపలికి ఏమేం తీసుకెళ్ళారో చెప్పండి.”

“ఏదీ తీసుకెళ్ళనివ్వరమ్మా. ఆయన అడిగింది కళ్ళద్దాల పెట్టె ఒక్కటే. అది కూడా నర్సుని అడిగే ఇచ్చాను.”

“తినడానికి?”

“ఏం లేదు.”

“తాగడానికి?”

“ఏం లేదమ్మా. ఒట్టు.”

“ఒట్లు నాకక్కర్లేదు.”

“అబ్బ, ఎంత ముద్దుగా అడుగుతున్నారండీ మేడం గారు,” అని వెనకనుంచి గొంతు వినబడింది.

తిరిగి చూడక్కర్లేదు. గంజి వాసన ముందే వచ్చింది. వాడి పేరు మేమందరం ఎప్పుడో మర్చిపోయాం, ఇస్త్రీ అనే అంటాం. వానలో పరిగెత్తినా చొక్కా నలగదు వాడికి. ఒకప్పుడు నా కింద పనిచేశాడు. ఇప్పుడు ఈ ఆసుపత్రికి బీమా చేసిన కంపెనీ తరఫున దర్యాప్తుకి వచ్చాడు. తప్పు ఫలానా మనిషిదని తేలితే వాడి కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

“ముసలావిణ్ణి వదిలెయ్యండి,” అన్నాడు. “దొంగ నా దగ్గరుంది. రండి, చూపిస్తాను.”

డ్యూటీ గదిలో ఒక నర్సు కుర్చీ అంచున కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. యూనిఫాంలో లేదు. నిన్న సాయంత్రమే వాడి మాట విని సూపరింటెండెంటు ఆమెని డ్యూటీలోంచి తీసేశాడట.

“రెండుసార్లూ ఈవిడ డ్యూటీలోనే,” అన్నాడు ఇస్త్రీ. “రెండుసార్లూ మంచం తలవైపు ఎత్తింది. ఎత్తేముందు నడుము గొట్టానికున్న ట్యాప్ కట్టేసింది. తెరవడం మర్చిపోయింది. నీరు నిండింది, వెన్నుని నొక్కింది, కాళ్ళు పోయాయి. ఇంతకంటే ఏం కావాలి?”

“ట్యాప్ కట్టకుండా మంచం ఎత్తితే నీరంతా ఒక్కసారి కారిపోతుందండి,” అంది నర్సు తల వంచుకునే. “తల్లో రక్తం వస్తుంది. అందుకే కడతాం. నేను మళ్ళీ తెరిచాను.”

“తెరిచానని నువ్వంటే సరిపోతుందా?”

“దాని సంగతి తర్వాత బాబూ,” అన్నాను. “ట్యాప్ కట్టేస్తే కాళ్ళు పోతాయి, ఒప్పుకున్నాను. నాడి ఎందుకు నెమ్మదిస్తుంది?”

“నాడేంటి?”

“చార్టు చూశావా?”

“ట్యాప్ చూశాను.”

“కనబడిందే కళ్ళకద్దుకుంటావు. పదేళ్ళ కిందటా అంతే, ఇప్పుడూ అంతే.”

“మీరు మాత్రం ఏం చేశారు? వరండాలో ఆ ముసలావిడ సంచి తిరగేశారు. దొరికిందా ఏమన్నా? మేజోళ్ళేగా.”

వాడి మాట సూటిగానే తగిలింది. నేను దులిపేసుకుని నర్సు వైపు తిరిగాను.

“రెండుసార్లూ నీ డ్యూటీలోనే ఎందుకయింది? నువ్వేం అనుకుంటున్నావు?”

ఆ అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. “మాస్టారికి నేనంటే పడదండి. చిన్నప్పుడు ఆయన దగ్గరే ఈత నేర్చుకున్నాను. నన్ను గుర్తుపట్టారు. నేను డ్యూటీకి వస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంటారు. ఒళ్ళు తుడవాలి, దుప్పటి మార్చాలి, బెడ్‌పాన్ పెట్టాలి. ఇంకెవరూ లేరా అని అడుగుతారు. నేను మీ కూతురిలాంటిదాన్నే కదా మాస్టారూ అన్నాను. అది ఇంకా తప్పయిపోయింది. ఆ రోజంతా మాట్లాడలేదు.”

“మరి పొద్దంతా ఏం చేస్తాడు, గోడ చూస్తూ పడుకోవడమేనా?”

“అంతేనండి. పత్రిక తెచ్చిస్తాను, చదువుకోండి అన్నా వద్దన్నారు. కళ్ళద్దాల పెట్టె మాత్రం దిండు కింద పెట్టుకుంటారు. అద్దాలు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.”

నేను లేచి వరండాలోకి నడిచాను. ఇస్త్రీ నా వెనకే వచ్చాడు. మాస్టారి భార్య సామానంతా సంచిలో సర్దేసుకుని బెంచీ చివర కూర్చుంది. ఆమెకీ మిగతావాళ్ళకీ మధ్య ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలేశారు జనం. నన్ను చూడగానే లేచి నిలబడింది. నా ప్రాణం చివుక్కుమంది.

“కూర్చోండమ్మా. ఆ కళ్ళద్దాల పెట్టెలో అద్దాలున్నాయా?”

“లేవు. అద్దాలు ఇంట్లో టీవీ పక్కన ఉన్నాయి. నలుగురిలో పెట్టుకోవడం ఆయనకి నామోషీ. పక్కింటివాళ్ళొచ్చినా తీసి దాచేస్తారు. నేను తెచ్చింది పోటీలకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే సంచిలో ఉండే పాత పెట్టె. అదే కావాలన్నారు.”

“తెరిచి చూశారా?”

“లేదు. ఆయన వస్తువులు నేను తెరవను.” ఆగి, నెమ్మదిగా అంది. “పెట్టె సంగతి ఇందాకే చెప్పానమ్మా. మీరు వినలేదు.”

నిజమే. నేను బిళ్ళ అన్న మాట కోసం కాచుకుని కూర్చున్నాను. మిగతావి చెవికెక్కలేదు.

ఏడో మంచం కిటికీ పక్కన ఉంది. మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. భుజాలు ఇంకా ఈతగాడి భుజాలే. దుప్పటి గుండెలదాకా లాక్కుని రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. ముందు ఆయన్ని కాదు, చుట్టూ ఉన్నవాటిని చూశాను. నడుము గొట్టం చివర ట్యాప్ తెరిచే ఉంది. కింద గాజు గొట్టంలో చుక్క పడుతోంది. ఇస్త్రీ కూడా వంగి చూసి, చుక్కలు పడుతున్నాయని ఒప్పుకోవాల్సి వచ్చింది. మిషన్ మీద బీపీ బాగానే ఉంది. దాని కింద నాడి నలభై తొమ్మిది.

“నాడి ఎప్పట్నుంచి ఇలా ఉంది?” అన్నాను ఆ అమ్మాయి బదులు డ్యూటీకి వచ్చిన నర్సుతో.

“తెల్లవారుజామున కాస్త తగ్గిందండి. బీపీ కూడా జారింది. డాక్టర్లు రాసిపెట్టినట్టే బీపీ పెంచే డ్రిప్ ఎక్కువ చేశాను. కాసేపటికి నంబరు మళ్ళీ పైకొచ్చింది.”

“కాళ్ళు?”

“గంటగంటకీ అడుగుతున్నాను. ఆడుతున్నాయన్నారు.”

“ఆయన అన్నాడు. నువ్వు చూశావా?”

ఆమె మొహం పాలిపోయింది. “దుప్పటి తియ్యనివ్వట్లేదండి. ఇప్పుడేగా ఎత్తాను, పడుకోనివ్వమ్మా అన్నారు. పెద్దాయన కదా, విసుక్కుంటున్నారని...”

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. “మాస్టారూ, దిండు కింద పెట్టె ఇవ్వండి.”

“ఎందుకు?”

“ఇవ్వండి.”

ఆయన చెయ్యి దిండు మీదికి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపాను. బలవంతుడే, కానీ పెద్దగా పట్టుపట్టలేదు. పెట్టెలో అద్దాలు తుడుచుకునే గుడ్డ, దాని కింద గులాబీ బిళ్ళల అట్ట ఉన్నాయి. నాలుగు గుంటలు ఖాళీ. ఇస్త్రీ నా భుజం మీదుగా వంగి చూశాడు.

“ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు. పోటీలకి వెళ్ళినప్పుడు పనికొస్తాయని ఎప్పుడూ అందులో ఉంటాయి. మా ఆవిడకి తెలీదు. ఆవిణ్ణేమీ అనకండి.”

అప్పటికే అన్నాను. అనాల్సినవన్నీ అనేశాను. ఆ సంగతి ఆయనతో చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

“ఎందుకు వేసుకున్నారు మాస్టారూ?”

ఆయన పైకప్పుకేసి చూస్తూ చెప్పాడు. మాట్లాడేకొద్దీ గొంతు సన్నబడింది. “రోజూ పొద్దున డాక్టర్లు వచ్చి ఆ మిషన్ చూస్తారు. బీపీ చూసి నడుములో గొట్టం సంగతి ఆలోచిద్దాం అనుకుంటారు. అక్కడేమో నూట యాభై, నూట అరవై. అంత బీపీ ఉన్నవాణ్ణి ఎవడు కదలనిస్తాడు? తగ్గితే గొట్టం పీకేస్తారు, లేచి బాత్రూంకి నా కాళ్ళ మీద నేను వెళ్ళొచ్చు అనుకున్నాను. ఆ అమ్మాయికి నేనే ఈత నేర్పానమ్మా. నీళ్ళంటే ఏడ్చేది. గట్టున నిలబడి కేకలేసి దింపాను. ఇప్పుడా పిల్ల నా ముడ్డి తుడుస్తుంటే నేనెట్లా బతకను? ఆవిడ డ్యూటీకి వచ్చే వేళకి ఒకటి వేసుకునేవాణ్ణి.”

“కాళ్ళు పోయినప్పుడైనా అనుమానం రాలేదా?”

“నడుములో గుచ్చిన గొట్టం వల్లే పోతున్నాయనుకున్నాను. ఇంకా తొందరగా తీయించుకోవాలనిపించింది. బీపీ ఎక్కువుండాలని నాకెవరు చెప్పారు? జీవితమంతా తగ్గించుకో తగ్గించుకో అన్నవాళ్ళేగా.”

బదులు వచ్చిన నర్సు కళ్ళు దించుకుంది. డాక్టర్లు ఇంట్లోవాళ్ళకి చెప్పారు, నర్సులకి చెప్పారు, నాకు బొమ్మ గీసి మరీ చెప్పారు. మంచం మీదున్న మనిషికి చెప్పాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు. నేనూ పొద్దుట్నుంచి ఆయన గురించి అందరినీ అడిగాను, ఆయన్ని తప్ప.

“ఇవాళ ఎన్ని వేసుకున్నారు?”

“రెండు. డాక్టర్లు వచ్చేలోపు నంబరు తగ్గాలని తెల్లవారకముందే వేసుకున్నాను. ఒకటి వేస్తే మళ్ళీ పెంచేస్తున్నారని.”

ఆయన మాట్లాడుతున్నంతసేపూ మొహం నావైపే ఉంది. నేను నా చేతిని నెమ్మదిగా దుప్పటి కిందికి పోనిచ్చి ఆయన కుడికాలి బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. గిల్లాను. గట్టిగా, గోరు దిగేలా గిల్లాను. మాస్టారు నాకేసి అలాగే చూస్తూ, “రాత్రి నర్సులు అనుకుంటుంటే విన్నాను. ఆ పిల్ల ఉద్యోగం నా మూలానే పోయిందా అమ్మా?” అని అడిగాడు.

గిల్లుతున్నానని ఆయనకి తెలియలేదు.

“డాక్టర్ని పిలవండి,” అన్నాను. “ఆ అమ్మాయిని కూడా.”

ఇస్త్రీ పరిగెత్తాడు. వాడు ఒకరి కోసం పరిగెత్తగా నేను చూడటం అదే మొదలు.

“ఆ పిల్ల వద్దు,” అన్నాడు మాస్టారు. “ఎవరినైనా పిలవండి, ఆవిడ మాత్రం వద్దు.”

ఆమె వచ్చేసింది. యూనిఫాం కూడా లేకుండా, మామూలు బట్టల మీదే చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ వచ్చి దుప్పటి తీసేసింది. కాళ్ళు రెండూ బయటికి తిరిగి వాలిపోయి ఉన్నాయి. పెద్ద డాక్టరు థియేటర్ చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. నేను అట్ట చూపించి రెండు మాటల్లో చెప్పాను. ఆయన బిళ్ళ పని విరిచే ఇంజెక్షన్ అడిగాడు, బీపీ ఇంకా పైకి తీసుకెళ్ళమన్నాడు, నడుము గొట్టాన్ని సరిచేసి నీరు ఇంకొంచెం వదలమన్నాడు, ఆక్సిజన్ పెట్టమన్నాడు. ట్యాప్ మీద చెయ్యి వేసింది ఆ అమ్మాయే. ఇస్త్రీ చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

“ఎంతసేపయింది కాళ్ళు పోయి?” అన్నాడు డాక్టరు.

“ఇప్పుడే,” అన్నాడు మాస్టారు. “ఓ పది నిమిషాలు.”

డాక్టరు మొహంలో కాస్త రంగొచ్చింది. “పది నిమిషాలైతే పర్లేదు. తిప్పుకొద్దాం.”

ఆ అమ్మాయి మాత్రం ఆగింది. మాస్టారి మొహం దగ్గరికి వంగింది. “మాస్టారూ, నాకేసి చూడండి. వాళ్ళకి నిజం తెలియాలి. ఎంత వేగంగా పోవాలో దాన్నిబట్టే ఉంటుంది. నేనేమీ అనుకోను. చెప్పండి.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కనుకొలకుల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఇంతసేపూ ఎందుకు దాచాడో అప్పుడర్థమైంది నాకు. చెప్తే బిళ్ళల సంగతి బయటపడుతుంది. పడితే ఆ పిల్ల ఉద్యోగం ఎవరివల్ల పోయిందో తేలిపోతుంది. ఆ సిగ్గు కన్నా కాళ్ళు పోవడమే నయమనిపించింది ఆయనకి.

“తెల్లారినప్పట్నుంచి,” అన్నాడు.

డాక్టరు చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగిపోయింది. తర్వాత మళ్ళీ పనిలో పడ్డాడు గానీ, పర్లేదన్న మాట మరి ఆయన నోట రాలేదు.

గోడ గడియారం పదకొండు దాటింది. నేను ఈ ఆసుపత్రికి ఎనిమిదింటికి వచ్చాను. ఆ మంచం దగ్గరికి ముందు వచ్చి, పెద్దమనిషీ, కాళ్ళెలా ఉన్నాయి అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఆ మూడు గంటలూ నేను ఆయన భార్యని నలుగురిలో ఏడిపించడానికి వాడుకున్నాను.